నాలుగవ బాయి – మన యిండ్లలోని బ్రహ్మచారి చిన్నాయనలు

మన భివండి తెలుగువారి చరిత్ర చెప్పబూనిన వారెవరైనను సాంచాల చప్పుడుతోనే మొదలు పెట్టుదురు. ఏ యేట ఎవరు వచ్చిరి, ఎవరి గాళాలో కూలికి చేరిరి, ఎన్నేండ్లకు సొంత మగ్గములు పెట్టిరి, పద్మానగరులో ఖోలీ యెట్లు సంపాదించిరి – ఇదియే వరుస. ఈ వరుస తప్పని మేమనము. కాని యిందులో ఒక మనిషి కనబడడు. అతడు భివండికి వచ్చి స్థిరపడలేదు, మగ్గము ముట్టలేదు, పిల్లలు లేరు గనుక అతని పేరు చెప్పుకొను వారును లేరు. అయినను అతడు లేనిచో మనలో పలువుర మిక్కడ నిలిచి యుండెడివారము కాము. అతడే మన యిండ్లలోని పెండ్లి లేని చిన్నాయన. అతనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుటయే ఈ వ్యాసోద్దేశము. ఇంటి లెక్క ఇంటివారికే తెలియును గనుక మా చిన్నాయననే ఉదాహరణముగా గైకొనుచున్నాము. పాఠకులు ఆయన స్థానమున తమ తమ చిన్నాయనలను, పెదనాయనలను, మేనమామలను నిలుపుకొని చదువగోరెదము.

తెలంగాణపు వలసలను గూర్చి ఒక మాట వాడుకలో నున్నది: ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’. మూడు ప్రాసలలో నూరేండ్లకు మించిన చరిత్ర యిమిడియున్నది. 1889లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గు త్రవ్వుట ఆరంభమైన పిమ్మట పల్లెజనము గనుల దారి పట్టిరి. అంతకు పూర్వమే మనవారు బొంబాయి చేరి రాతిపని, మట్టిపని చేసిరి. వారిని ‘కామాఠీలు’ అనుటచేతనే అక్కడ కామాఠిపుర మను పేరు నిలిచినది. షోలాపురము, బొంబాయి, భివండి – ఇవన్నియు పల్లెవాని నోట ‘బొంబాయి’యే. 1970 తరువాత గల్ఫు దేశములకు పోవుట హెచ్చినది. ఈ మూడు ‘బాయి’లను అందరు నెరుగుదురు. కాని మా నల్లగొండ పల్లెలలో బావిని కూడ ‘బాయి’ యనియే అందురు. వలస పోయిన వాని వెనుక ఆ వ్యవసాయపు బాయికాడ ఎవరో ఒకరు నిలువవలసి యుండెను. అది నాలుగవ బాయి. మా చిన్నాయన దానికాడ నలువది యేండ్లు నిలిచెను.

మాది నేతవారి ఇల్లు కాదు. నల్లగొండ జిల్లా భువనగిరి తాలూకాలోని యొక పల్లెలో సేద్యము చేసికొను కుటుంబము. ఆ ప్రాంతము 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్నది. నిజాము కాలమున ఆ సీమ దేశ్‌ముఖుల పెత్తనములకు, వెట్టిచాకిరికి పేరుబడినది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేల కొరిగినదియు, 1948 సెప్టెంబరులో నిజాము రాజ్యము భారతదేశమున చేరిన పిమ్మట 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరములిచ్చి వినోబాజీ భూదానమునకు నాంది పలికినదియు ఆ జిల్లాలోనే. ఈ సంగతులు చరిత్ర గ్రంథములలో నున్నవి. వాని నడుమ 1950లో వచ్చిన హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము చిన్న రైతు బ్రతుకున కెంత ముఖ్యమో తగినంతగా చెప్పుకొనము. ఆ చట్టము దున్నెడి కౌలుదారునకు రక్షణ నిచ్చెను. దున్నెడివాడెవడని ఋజువు చేయవలసినది గ్రామలెక్కలోని పహాణీ. అందు పట్టాదారుని పేరొక గడిలో, అనుభవదారుని పేరు వేరొక గడిలో ఏటేట వ్రాయబడుచుండెను. ఇంటిల్లిపాది ఊరు విడిచినచో రెండవ గడిలోని పేరు మారిపోవునని పల్లెలో ఎల్లరకు నెరుకయే.

కౌలుకు దున్నుచు మా తాతగారు నిలుపుకొన్నది ఐదెకరముల ఖుష్కి, కుంట క్రింద నొక ఎకరము తరి. ఖుష్కిలో ఆముదాలు, జొన్న, కంది. తరిలో వాన దయచూచిన యేడు వరి. ఇద్దరు కొడుకులు, పెండ్లికి ఎదిగివచ్చుచున్న ఇద్దరు కూతుండ్రు. ఆ భూమి అందరిని పోషింపలేదు. విడిచి పోవుటకును వీలు లేదు. మా వాడకట్టున నున్న పద్మశాలి కుటుంబములకు చేనేతపై గిట్టుబాటు తగ్గుటచే వారు అప్పటికే భివండికి పోవుచుండిరి. భివండి ఏనాటినుండియో నేతగాండ్ర ఊరు. 1857 తరువాత ఉత్తరదేశము నుండి మోమిన్ నేతగాండ్రు వచ్చి అక్కడ చేమగ్గములు నెలకొల్పిరి; 1930ల నాటినుండి విద్యుత్తు మగ్గములు పెరుగజొచ్చినవి. 1958లో మా నాయనగారు ఒక పద్మశాలి మిత్రుని వెంట ఇచ్చటికి వచ్చి కండెలు చుట్టుటతో పని నేర్చుకొనిరి. పెద్దవాడు పోవలెను, చిన్నవాడు ఉండవలెనని తాతగారు నిర్ణయించిరి. అప్పటికి చిన్నాయనకు ఇరువది రెండేండ్లు. ఆయన నెవ్వరు నడిగినట్లు మేము వినలేదు.

పెండ్లి చేసికొనకూడదని మా చిన్నాయన ఎన్నడును వ్రతము పట్టలేదు. ముందు చెల్లెండ్ర పెండ్లి కావలె ననిరి. అవి 1961లో నొకటి, 1965లో నొకటి జరిగినవి. వాని కొరకు చేసిన అప్పు తీరుటకు మరి యారేండ్లు పట్టెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పది యైదు. ఆ పిమ్మట రెండు మూడు సంబంధములు రాకపోలేదు. కాని పిల్లనిచ్చువారు మొట్టమొదట అడిగిన ప్రశ్న: “పిల్లగాడు భివండిల ఉంటడా, ఊర్లనే ఉంటడా?” ఊరనే ఉండునని తెలిసి వారు మరల రాలేదు. వలస ఊరిలోని మగవారి విలువను రెండుగా చీల్చెను. బండి యెక్కిన వానికి పిల్ల దొరకెను. బండి యెక్కించినవాడు మిగిలిపోయెను. మా నాయనగారు ఒకమారు “నువ్వును రారా” యని పిలిచినప్పుడు చిన్నాయన చెప్పిన జవాబు మా ఇంట సామెతయై పోయినది: “అన్నా, నేను బొంబాయికొస్తె బాయికాడ ఎవలుంటరు?”

ఇది మన యొక్క సీమకే పరిమితమైన సంగతి కాదు. ఐర్లండు దేశమున 1845లో మొదలైన మహాక్షామము తరువాత చిన్న కమతములను ముక్కలు చేయరాదని ఒక్క కొడుకునకే భూమి నప్పగించుట వాడుకైనది. మిగిలినవారు ఓడ లెక్కిరి. భూమి వచ్చినవాడు తల్లిదండ్రులు చనిపోవువరకు పెండ్లికి ఆగెను. పలువురు ఆగియే ముసలివారైరి. ఫ్రాన్సు దేశపు బెయార్న్ సీమలో సయితము ఇట్టిదే జరిగినదని పియేర్ బూర్ద్యూ అను సామాజిక శాస్త్రజ్ఞుడు 1962లో ప్రకటించెను. ఆడపిల్లలు పట్టణములకు పోజూడగా, ఇల్లు నిలుపవలసిన పెద్దకొడుకులే పెండ్లి లేక మిగిలిపోయిరట. దేశమేదైనను, ఇంటిలోని వారందరు కదలుటకు ఇంటిలో నొకడు కదలకుండుట వెలగా చెల్లింపబడుచున్నది.

మా చిన్నాయన ఎట్టివాడో కొంత చెప్పక తప్పదు. నల్లని మనిషి, పొట్టివాడు, గోచీ బిగించి తలకు రుమాలు చుట్టెడివాడు. కోడి కూయకమున్నే మోట కట్టెడివాడు. ఎడ్లు ముందుకు నడచునపుడు త్రాటిపై కూర్చుండి ఆయన తీయు రాగము ఊరివరకు వినబడెడిది. వేసవి సెలవులలో మేము కల్యాణులో రైలెక్కి, హైదరాబాదులో బండి మారి, భువనగిరి స్టేషనులో దిగునప్పటికి ఆయన ఎడ్లబండి కట్టుకొని వచ్చి యుండెడివాడు. రైలెంత ఆలస్యమైనను “ఇప్పుడే వచ్చిన” ననెడివాడు. బండిలో గడ్డిపై పరచిన దుప్పటి, దాని క్రింద దాచిన పేలాలు, పుట్నాలు. మా నడుములకు బెండ్లు కట్టి బాయిలో ఈత నేర్పినదియు ఆయనయే. తాను మెట్లపై నిలుచుండి, “నేనున్న బిడ్డా, దుంకు” అనెడివాడు. భివండి ఖోలీలో పదిమంది నడుమ పెరిగిన మాకు, ఒక పెద్దమనిషి దినమంతయు మాతోనే యుండుట వింతగా నుండెడిది. మా నాయనగారు రాత్రిపాళీ చేసి పగలు నిద్రించువారు. మాకు మా నాయనగారి వీపు ఎక్కువ తెలియును, చిన్నాయన ముఖ మెక్కువ తెలియును.

ఇక లెక్కల సంగతి. వలసవాడు పట్టణమున సంపాదించి పల్లెకు పంపునని అందరు ననుకొందురు. పంపుట నిజమే. నెలనెల మనియార్డరు పోవుచునే యుండెను. కాని పల్లెనుండి పట్టణమునకు వచ్చినదానిని ఎవరును లెక్కవేయలేదు. గుమాస్తాగిరి చేసిన అలవాటు చేత మేము మా యింటివరకు వేసి చూచితిమి. సగటు పంట పండిన యేడు రెండు బస్తాల బియ్యము, ఒక బస్తా జొన్నలు, ఇరువది కిలోల కందిపప్పు, ఏడాదికి సరిపడు మిరపకాయలు, చింతపండు, కార్తికమున గంపెడు సీతాఫలములు భివండికి చేరెడివి. రాష్ట్రములు దాటి ధాన్యము కొనిపోవుటపై ఆంక్షలున్న దినములలో, ఊరినుండి వచ్చు ప్రతివాని చేతను ఐదేసి కిలోల మూటలుగా పంపెడివాడు. ఆ మూటలు విప్పిన దినమున మా అమ్మ ముఖము మేమిప్పటికిని మరువలేదు.

మగ్గముపై కూలి నేసిన తాకాను బట్టి ముట్టును. నూలు రాని వారము కూలి లేదు. కరెంటు పోయిన పూట కూలి లేదు. బాయికి మోటారు వచ్చిన తరువాత చిన్నాయనకు నిదే యిక్కట్టు. కరెంటు లేనినాడు అక్కడ మడి ఎండును, ఇక్కడ డొక్క ఎండును. ఒంటరిగా వచ్చిన కార్మికులు బిస్సీలో అప్పు పెట్టి తినిరి. కుటుంబములున్న మనవారు ఊరి గింజతో ఆ వారము గడపిరి. కనుక మేమనున దేమనగా – భివండి కూలి అంత తక్కువలో నిలువగలుగుటకు మన పల్లెల గింజ యొక కారణము. గుడ్డ ధరలో నూలు లెక్క యున్నది, కరెంటు లెక్క యున్నది, సేఠు లాభ మున్నది; బాయికాడి చిన్నాయన చెమట మాత్రము ఏ బిల్లులోను వ్రాయబడలేదు.

1970 మే నెలలోను, మరల 1984 మే నెలలోను ఈ ఊర జరిగిన కల్లోలములు మన తరమువారికి చెప్పనక్కరలేదు. 1984లో వార్త విని చిన్నాయన రోహిణి కార్తె యెండలో బయలుదేరి వచ్చెను. చదువు రానివాడు. మేము వ్రాసిన కార్డు నొకదానిని రుమాలులో పెట్టుకొని, కల్యాణులో కనబడిన వారికెల్ల అందలి చిరునామా చూపించుచు ఇల్లు చేరెను. భుజముపై బియ్యపు మూట. మమ్ము నొక్కొక్కరిని లెక్కించి చూచి, తరువాతనే మంచినీళ్లు త్రాగెను. పన్నెండు దినములుండెను. సాంచాల చప్పుడులో కొత్తవారికి నిద్రపట్టదందురు; ఆయనకు చప్పుడు లేకనే నిద్రపట్టలేదు. “మోట గిరక ఆగినట్లుంది. ఊరికి మంచిది కాదు” అనెను. మగ్గములు మరల నడచిన రాత్రి హాయిగా నిద్రించెను. మృగశిర సమీపించుచున్నదని మరునాడే ప్రయాణమాయెను. వాన రాకడను మన ఊర ‘మిరుగ’మందురు, ఇక్కడి మరాఠీ రైతులు ‘మృగ్’ అందురు. ఆ యొక్క మాట పట్టుకొనియే, తెలుగు తప్ప నొండు రాని ఆయన మా పొరుగింటి మరాఠీ ముసలాయనతో పూటంతయు ముచ్చటించెను.

దానికి రెండేండ్ల ముందు, 1982 జనవరి 18న, దత్తా సామంతు నాయకత్వమున బొంబాయి మిల్లులలో సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు సమ్మె కట్టిరి. ఆగిన మిల్లుల పని భివండి మగ్గములకు వచ్చెను. కూలివారుగా వచ్చిన మనవారిలో కొందరు ఆ కాలముననే పాత మగ్గములు కొని యజమానులైరి. మా నాయనగారు 1983లో నాలుగు మగ్గములు పెట్టిరి. ఆ పెట్టుబడిలో సగము చిన్నాయనది. సొసైటీలో తన పేర అప్పు తీసి, ఒక జత ఎడ్ల నమ్మి పంపెను; రెండేండ్లు ఎరువు ఎడ్లతో దున్నుకొనెను. నాలుగు మగ్గములు మా నాయనగారి కష్టార్జితమని మా చుట్టములలో పేరు. మా నాయనగారు మాత్రము బ్రతికినంత కాలము “అందుల రెండు తమ్మునివి” యనుచుండిరి.

మేము 1977లో మెట్రిక్ పరీక్షకు కూర్చుంటిమి. దానికి ముందటి యేడే మమ్ము మగ్గముపై పెట్టు ఆలోచన యింట వచ్చెను. అది విని చిన్నాయన ఆముదాలు అమ్మిన డబ్బులో నూటయేబది రూపాయలు మనియార్డరు చేసెను. మనియార్డరు ఫారము క్రింద నాలుగు ముక్కలు వ్రాయుటకు చోటుండెడిది. ఊరి పంతులుగారి చేత అందు వ్రాయించిన మాటలు: “పిల్లగాని పరీక్షకు. సాంచమీద పెట్టవద్దు.” మన పెద్దలు పంపిన డబ్బు కాగితములపై నిట్టి ముక్కలు ఎన్ని వచ్చి పోయినవో! ఆ మనియార్డరు పద్ధతియే 2015తో ముగిసినది. మేము ముప్పదిమూడేండ్లు కలము పట్టి కుటుంబమును పోషించితిమి. అది ఆ రెండు వాక్యముల పుణ్యము.

1998లో చిన్నాయన కాలము చేసినట్లు తంతి వచ్చెను. మేము చేరునప్పటికి దహనము ముగిసినది. చిన్న మేనత్తగారి కుమారుడు కొరివి పెట్టెను. దహనమునకు ముందు, పెండ్లి కాని మగవాడు అట్లే పోరాదని ఊరి పెద్దలు ఆచారము చొప్పున జిల్లేడు చెట్టుతో ఆయనకు పెండ్లి చేసిరట. నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియక అందరు తలలు వంచుకొని నిలుచుండి రని అత్తగారు చెప్పిరి. ఆయన రేకు పెట్టెలో రెండు ధోవతులు, మేము వ్రాసిన కార్డులు, నేతనూలుతో కట్టిన శిస్తు రసీదుల కట్ట యుండెను. 1958 మొదలుకొని మా నాయనగారి భాగపు శిస్తు కూడ ఆయనయే కట్టి, అన్నపేర రసీదు తీయించుకొని, సంవత్సరము వరుసన పేర్చియుంచెను. చదువు రానివాడు వరుస యెట్లు తప్పకుండెనో మాకు తెలియదు. మా నాయనగారు నలువదేండ్లు ఊరలేకున్నను భూమిలో ఆయన పేరు చెరిగిపోకుండుటకు ఆ కట్టయే ఆధారమాయెను.

తరువాత విరాసత్తు పనిపై తాలూకా కచేరి చుట్టు తిరుగుచు 1956 నాటి హిందూ వారసత్వ చట్టము చదివితిమి. వీలునామా లేక, భార్యాబిడ్డలు లేక, తల్లిదండ్రులు లేక పోయిన వాని ఆస్తి రెండవ తరగతి వారసులకు పోవును. అందు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు రెండవ వరుస. అన్నదమ్ముల బిడ్డలు నాల్గవ వరుస. చట్టము మమ్ము నంత దూరమున నిలిపినది. ఆయన మాత్రము బ్రతికినన్నాళ్లు మమ్ము మొదటి వరుసనే నిలిపెను.

ఈ సంగతులన్నియు ఇప్పుడు వ్రాయుటకు ఒక కారణము కలదు. ఇటీవలి కాలమున మన పల్లెల భూములకు, ముఖ్యముగా హైదరాబాదుకు, యాదగిరిగుట్టకు చేరువ నున్నవానికి ధర పెరిగినది. సేద్యము చేయని మన పిల్లలు ప్లాట్ల లెక్కలు వేయుచున్నారు. పెండ్లి లేక పోయిన చిన్నాయన భాగము ఎవరికి ఎంత అను తగవు మన పద్మానగరు ఇండ్లలోను వినబడుచున్నది. భాగమడుగుట తప్పు కాదు, చట్టమున్నది. మేనత్తలకును అందులో హక్కున్నదని మరువకున్న చాలును. కాని భాగము కొరకు ఆయన పేరు తలచువారు వంశవృక్షము వ్రాయునప్పుడు ఆయన పేరు వదలివేయుట న్యాయము కాదు. మేము చూచిన వంశవృక్షములలో పెక్కింట పిల్లలు లేనివాని కొమ్మ లేనేలేదు.

మన పెద్దలు ఇట్లు చేయలేదు. భీష్ముడు సంతానము లేనివాడు. అయినను లోకమాయనను పితామహుడనినది. మాఘ శుద్ధాష్టమినాడు ఆయనకు తర్పణము విడుచుటకు మనుమలే కానక్కరలేదు, ఎవరైనను విడువవచ్చును. కన్నవాడే తండ్రి కాదని, తన పెండ్లి మానుకొని ఇల్లు నిలిపినవాడును తండ్రియే యని చెప్పుటకు ఇంతకన్న ప్రమాణమేమి కావలెను?

కనుక మన తెలుగు కుటుంబములకు మేము చేయు మనవి యిది. పెత్రమాస నాడు పెద్దల పేర బియ్యమిచ్చునపుడు, తాత ముత్తాతల వెంట పెండ్లి లేని చిన్నాయన పేరును పలుకుడు. ఇంట పుస్తకమున వంశావళి వ్రాసికొనువారు అతని పేరు వ్రాసి, దాని క్రింద పిల్లల గడి ఖాళీగా విడువక, అతడు పెంచిన అన్నబిడ్డల పేర్లు, అక్కచెల్లెండ్ర బిడ్డల పేర్లు వ్రాయుడు. మన సంఘము ముందు ముందు భివండి తెలుగువారి చరిత్ర ప్రకటించునేని, వచ్చినవారి పట్టికతో పాటు ఊర నిలిచినవారి పట్టిక నొకటి చేర్చుట మంచిది. ఎనుబది దాటిన తల్లులు, మేనత్తలు ఇంకను కొందరు మన నడుమ నున్నారు. ఏ యింట ఎవరు బాయికాడ నిలిచిరో వారికి తెలియును. వారి నడిగి ఈ యేడే వ్రాసికొనుట యుక్తము.